నిమ్మళపు చుక్క

హైమ బడి నుంచి పిల్లను తీసుకొచ్చింది. తీరా చూస్తే ఆ పిల్ల వాళ్ల పిల్ల కాదు.

మాల్యాద్రి అప్పుడే దాణా కొట్టు కట్టేసి వచ్చి, చొక్కాకి అంటిన తవుడు దులుపుకుంటూ వరండాలో నిలబడి ఉన్నాడు. స్కూటీ గేటు ముందు ఆగింది. వెనక సీటు మీంచి ఆరేళ్ల పిల్ల ఒకతి కిందికి దూకింది. అదే నీలం గౌను, అవే రెండు జడలు, అదే ఎర్ర రిబ్బను. మొహం మాత్రం వేరు. ముందు పళ్లు ఊడిన నోటితో ఆ పిల్ల పాలకోవా చప్పరిస్తోంది.

"ఇందు ఏదే?" అన్నాడు.

"బళ్లో ఉంది బావా."

"మరి ఈ పిల్లెవరు?"

"హెప్సీ. ఇందు క్లాసే. గేటు దగ్గర నిలబడి ఉంది, తీసుకొచ్చా."

మాల్యాద్రి నవ్వాడు. హైమ అతనికి పెళ్లాం కాకముందు మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ తనని ఏడిపించడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఇందుని ఏ గోడ వెనకో దాచి ఉంటుందని రోడ్డు మీదికి తొంగి చూశాడు. కుక్క ఒకటి పడుకుని ఉంది. ఇంకెవరూ లేరు.

"సరసం చాల్లే. పిల్ల యాడుంది?"

"చెప్పా గదా, బళ్లో. వెనకాల వరసలో ఉంది. అంతమందిని తోసుకుంటూ పోవాలి. ఈ పిల్లయితే దగ్గర్లో ఉంది." హైమ చెప్పులు విడిచి, హెప్సీ తల నిమిరి, "కాళ్లు కడుక్కో తల్లీ, అట్లు పోస్తా," అంది.

ఆ నిమరడంలో నటన లేదు. ఇందు తల ఎట్లా నిమురుతుందో అట్లాగే నిమిరింది. అది చూశాక మాల్యాద్రి బండి తాళం అందుకున్నాడు.

హెప్సీని మోటార్ సైకిల్ మీద ముందర కూర్చోబెట్టుకుని బడి దాకా ఎట్లా పోయాడో అతనికే తెలియదు. బడి ముందు హెప్సీ నాయనమ్మ సలోమి నడిరోడ్డున గుండెలు బాదుకుంటోంది. మనవరాలిని చూడగానే ఏడుపు ఆపి తిట్లకు దిగింది.

"ఏమయ్యో! పొరపాటున తొడుక్కుపోవడానికి ఇదేమన్నా చర్చి ముందర ఇడిసిన చెప్పులజతా? ఆడపిల్లయ్యా! నీ పెళ్లానికి కళ్లు కనపడవా, మతి లేదా?"

"తప్పయిపోయింది పెద్దమ్మా," అన్నాడు మాల్యాద్రి.

ఇందు మెట్ల మీద ఆయా పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అరచేతిలో ఉన్న రిబ్బనుని చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం.

"అమ్మ నిన్ను చూడలేదమ్మా. జనంలో కనపడలేదంట," అన్నాడు ఎత్తుకుంటూ.

"చూసింది నాన్నా. నేను చెయ్యి ఊపా. అమ్మ గూడా ఊపింది. నవ్వింది. హెప్సీని తీసుకుపోయింది." కాసేపాగి, "టిఫిను బాక్సు మూత పోగొట్టా. అందుకా?" అని అడిగింది.



*

హైమ పని చేసేది ఊరి బయట ఉన్న బర్రెల పరిశోధన కేంద్రంలో. బర్రెలున్న ఇంట పుట్టి, బర్రెల చదువే చదివి, బర్రెల దగ్గరే ఉద్యోగం తెచ్చుకుంది. "మా ఆవిడ చదివేది వాటి సంగతి, నేనమ్మేది వాటి మేత. మా సంసారం మొత్తం పొదుగు మీద ఆధారపడి ఉంది," అని మాల్యాద్రి కొట్టుకొచ్చినవాళ్లతో అంటుండేవాడు.

దూడ వచ్చి పొదుగు కుమ్మితే తప్ప బర్రె చేపదు. చేపకపోతే పాలు దిగవు. దూడ చచ్చిపోతే రైతు ఒక పాడు పని చేస్తాడు. ఆ దూడ తోలు ఒలిచి, లోపల గడ్డి కుక్కి, కుట్టి, తల్లి ముందు నిలబెడతాడు. పిచ్చి బర్రె ఆ గడ్డిదూడను నాకి నాకి చేపుతుంది. హైమ చిన్నతనంలో వాళ్ల నాన్న అట్లాంటి దూడను కుట్టడం చూసి అన్నం మానేసింది. ఆ మోసం అవసరం లేకుండా చెయ్యాలన్నది అప్పట్నుంచీ ఆమె మనసులో నాటుకున్న ముల్లు.

చేపే వేళ బర్రె నెత్తుట్లో ఏం పొంగుతుందో ఏళ్ల తరబడి వెతికి పట్టుకుంది. దాన్ని సీసాలో తయారు చేసింది. ముక్కులో ఒక్క చుక్క వేస్తే చాలు, దూడ లేకపోయినా బర్రె చేపింది. అంతటితో ఆగలేదు. పొడిచే బర్రె పొడవడం మానేసింది. బెదిరేది బెదరడం మానేసింది. పక్క దూడ వచ్చి నోరు పెట్టినా తన్నలేదు. దొడ్డి దొడ్డంతా మునుల ఆశ్రమంలా అయిపోయింది. కేంద్రానికి పెద్ద అయిన డాక్టర్ పరంజ్యోతి ఆ సీసాకి 'నిమ్మళం' అని పేరు పెట్టి, "ఇది పశువుల దగ్గర ఆగే మందు కాదమ్మా హైమా," అన్నాడు.

ఆ మాట హైమకి సూటిగా తగిలింది. నిమ్మళం ఎరగని మనిషి ఆమె. పిల్ల దగ్గితే ఇల్లంతా లేపేది. మాల్యాద్రి కొట్టు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే లారీ కింద పడ్డాడేమోనని ఫోను చేసేది. అతనెత్తి "బతికే ఉన్నానే" అంటే, "ఆ మాటనొద్దన్నానా!" అని ఏడ్చేది. తాళం వేసి వీధి మలుపు దాకా పోయి, గ్యాసు కట్టానో లేదోనని వెనక్కొచ్చేది. రోజుకి ఎన్నిసార్లు చచ్చి బతికేదో ఆమెకే తెలుసు.

పోయిన వేసవి చివర్లో అదంతా పోయింది. ధ్యానం నేర్చుకుంటున్నానని చెప్పింది. మాల్యాద్రి నమ్మాడు. నమ్మక చేసేదేముంది, ఇల్లు స్వర్గమైపోయాక? తిట్టు లేదు, ఏడుపు లేదు. పాలు పొంగిపోతే నవ్వుతూ తుడిచేది. కూరలో ఉప్పు మరిచిపోతే "ఈ పూటకి ఇంతే బావా," అనేది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, "మీ ఇంట్లో గూడా ధ్యానం నేర్పించండ్రా, మగాడి ఆయుష్షు పెరుగుద్ది," అని చెప్పాడు. కొట్టులో ఎంత ఆలస్యమైనా ఫోను మోగడం లేదని అతనికి తట్టనే లేదు. తట్టినా, హాయిగానే ఉండేదేమో.

ఇందు బడి మెట్ల మీద మిగిలిపోయిన ఆ సాయంత్రం హైమ ఏదీ దాచలేదు. అట్లు తిరగేస్తూ, చుక్క సంగతి, ముందు బర్రెల సంగతి, తర్వాత తన ముక్కులోనే వేసుకుంటున్న సంగతి, వాన కురిసిందని చెప్పినట్టు చెప్పేసింది.

"బాధ పోతుందనుకున్నా బావా. పోయింది. కానీ దాంతోపాటు పోయేది ఇంకొకటుంది. నాది అన్న రుచే పోతుంది. ఇందు ఉంది, బాగుంది. హెప్సీ ఉంది, అదీ బాగుంది. నువ్వున్నావు. పాల బూతు అతనున్నాడు. అందరూ బాగున్నారు." అట్టు తీసి ఇందు పళ్లెంలో వేసింది. "తిను తల్లీ."

ఇందు తినలేదు. తల్లి మొహంలోకే చూస్తోంది.

*

తెల్లారి మాల్యాద్రి పరిశోధన కేంద్రానికి పోయాడు. కొట్టు తెరవకుండా ఇంకోచోటికి పోవడం అతని పెళ్లయ్యాక అదే మొదలు.

దొడ్లో బర్రెలు వరసగా నిలబడి నెమరేస్తున్నాయి. ఒక దూడ మురుగు కాలవలో పడి, ఎక్కలేక, గొంతు చించుకుని అరుస్తోంది. దాని తల్లి పక్కనే ఉంది. వేరే దూడ ఒకటి దాని పొదుగు కుడుస్తోంది. తల్లి చెవి గూడా కదల్చలేదు. మాల్యాద్రే కాలవలోకి దిగి దూడని పైకి నెట్టాడు. దూడ అరుపు వింటే తల్లి పలుపు తెంచుకు పోవడమే ఇన్నాళ్లూ చూశాడు గానీ, ఇట్లాంటిది చూస్తాననుకోలేదు. పంచె నిండా బురదతోనే పరంజ్యోతి గదిలోకి పోయాడు.

పరంజ్యోతి కోపగించుకోలేదు. కళ్లు మెరుస్తున్నాయి.

"అది జబ్బు కాదయ్యా మాల్యాద్రీ. సమదృష్టి! తన, పర లేకపోవడం! దీనికోసం మన పెద్దలు అడవులు పట్టిపోయారు. మీ ఆవిడ ఇంట్లో కూర్చుని సాధించింది."

"పోయినోళ్లు అడవికే పోయారు గదా సార్. వాళ్లని ఎవరూ బడి దగ్గరికి పంపి పిల్లని తెమ్మనలేదు."

పరంజ్యోతి ఏదో అనబోయాడు.

"మీరేసుకున్నారా సార్?"

"నేనా?" పరంజ్యోతి బల్ల మీది ఫోటో వైపు చూశాడు. దాంట్లో బోసినోటి పసిపిల్ల నవ్వుతోంది. "నాకు... మొన్ననే మనవరాలు పుట్టింది."

మాల్యాద్రి, "మానేస్తే ఏమవుద్ది?" అని అడిగాడు. పరంజ్యోతి లేచి అతన్ని వెనక దొడ్డికి తీసుకుపోయాడు.

అక్కడ ఒక బర్రె ఒంటరిగా ఉంది. సిమెంటు నీళ్లతొట్టిని నాకుతోంది. వీళ్ల అలికిడి వినగానే తొట్టికి అడ్డంగా తిరిగి, కొమ్ములు దించి, నేలని గిట్టతో చీరింది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దాని నాలుక రాసుకుని తొట్టి అంచు మీద నెత్తురు చారలున్నాయి.

"చుక్క ఆపాం," అన్నాడు పరంజ్యోతి నెమ్మదిగా. "ఒకటిన్నర రోజుకి తేరుకుంది. తేరుకునే వేళ కాసేపు తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది. ఈనిన వెంటనే దూడ వాసన పట్టుకుంటుంది చూడు, అట్లా. ఎదురుగా ఏదుంటే అదే తనదవుతుంది. ఆ తర్వాత తలుపు మూతబడుతుంది. దీని దూడని ఆ పూట తోలుకురావడం మా వాళ్లు మరిచిపోయారు."

"దీని దూడ?"

"ఉంది. దగ్గరికొస్తే కుమ్ముతోంది."

"రెండు దూడల్ని నిలబెడితే?"

"చూశాం. ముందు వాసన అందిన దాన్ని ఉంచుకుంది. రెండోదాని పక్కటెముకలు విరగ్గొట్టింది."

మాల్యాద్రి తొట్టినీ బర్రెనీ మార్చి మార్చి చూశాడు. దాణా అమ్ముకునేవాడికి లెక్క అర్థం కావడానికి ఎంతసేపు? అతని ఇంట్లో ఒక తలుపు ఉంది. దాని ముందర నిలబడాల్సినవాళ్లు ఇద్దరు.

"తర్వాత ఎప్పటికీ అంతేనా సార్, రెండోవాళ్లకి?"

"తర్వాత మామూలు లోకమేనయ్యా. కొత్తవాళ్లు దగ్గరైనట్టు దగ్గర కావాలి. కొన్ని బర్రెలకి అయింది. కొన్నిటికి ఇంకా కాలేదు."

*

మానెయ్యమంటే హైమ "సరే" అంది. బతిమాలాల్సి వస్తుందని దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాడు, ఒక్కటీ అవసరపడలేదు. సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది. నువ్వే పారబొయ్యి అన్నట్టు.

"అట్లయితే ఎవరిని కూర్చోబెడతావు?" అని తనే అడిగింది. "నువ్వు కూర్చో. లేకపోతే ఇందుని. హెప్సీ అయినా సరే, మంచి పిల్ల. నాకేదైనా ఒకటే బావా."

మాల్యాద్రి ఆమె మొహంలో పాత హైమని వెతికాడు. మామయ్య ఇంటి వెనక దొడ్లో ఈతపండ్ల కోసం తనని చెట్టెక్కించి, కింద నుంచి "ముళ్లు గుచ్చుకుంటాయి దిగు బావా, వద్దు, దిగు!" అని ఏడ్చిన పిల్ల. పెళ్లయిన తర్వాత తనకి జ్వరమొస్తే, అది ఆమెకి రానందుకు దేవుడితో దెబ్బలాడిన మనిషి. ఆ మనిషి కావాలనుంటే తను ఎదురుగా కూర్చుంటే చాలు. ఎవరూ అడగరు. పిల్లకి తెలియను గూడా తెలియదు. తల్లి అన్నం పెడుతుంది, జడలేస్తుంది, నవ్వుతుంది. మనసు లోపల ఆ మాట ఎంత తియ్యగా తిరిగిందంటే అతనికి తనంటే భయమేసింది.

లేచి పోయి సీసా బాత్రూంలో ఒంపేశాడు.

ఒకటిన్నర రోజు గడువు ఆదివారం పడింది. తెల్లవారగానే పని మొదలుపెట్టాడు. వాసనే ముఖ్యమని పరంజ్యోతి చెప్పాడు కదా. పడకగది కొక్కేలకున్న తన చొక్కాలు తీశాడు. లుంగీలు, తువ్వాలు, దిండు, దుప్పటి తీశాడు. తలుపు వెనకున్న పాత స్వెట్టరు తీశాడు. దువ్వెన తీసి, దాంట్లో తన వెంట్రుకలున్నాయేమోనని వెలుగులో పెట్టి చూశాడు. నేల డెట్టాలు వేసి కడిగాడు. బతికున్న మనిషి ఇంట్లోంచి తనని తానే ఇట్లా ఊడ్చుకోవడం ఎవరూ విని ఉండరు. మూటంతా వరండాలో పడేసి, దాని పక్కనే కూలబడ్డాడు.

ఇందు గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను ఏం చెయ్యాలి నాన్నా?"

"ఏమొద్దు తల్లీ. అమ్మ ఒళ్లో కూర్చో. దిగమాక. నీళ్లు, అన్నం, చెంబు, అన్నీ లోపలే పెట్టా. ఎవరు పిలిచినా రావద్దు. నేను పిలిచినా రావద్దు."

"అమ్మ నన్నే తీసుకుంటుందా?"

"నిన్నే."

"మరి నువ్వు?"

"నేను గేటు దగ్గరుంటా," అన్నాడు మాల్యాద్రి, అదే జవాబన్నట్టు.

తలుపు మూసుకుంది. మాల్యాద్రి గేటుకి గొళ్లెం పెట్టి కాపలా కూర్చున్నాడు. పాలతన్ని వెనక్కి పంపాడు. పక్కింటి ఆవిడ పచ్చడి తెస్తే గేటు మీంచే అందుకుని, ఇంట్లో అమ్మవారు పోసిందని అబద్ధం ఆడాడు. ఎండ ముదిరేసరికి సలోమి వచ్చింది, హెప్సీని వెంటబెట్టుకుని. హెప్సీ చేతిలో జామకాయల సంచి ఉంది.

"ఆంటీకి ఇస్తదంట. ఆ రోజు కోవా పెట్టిందంట గదా. తియ్యవయ్యా గేటు."

"ఇయ్యాల కాదు పెద్దమ్మా."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పిల్లని ఎత్తుకుపోయినోళ్లు మీరు, గేటేసుకునేది మాకా? మేమేమన్నా మీ ఇంట్లో తింటానికొచ్చామా?"

"పెద్దమ్మా, గట్టిగా మాట్లాడమాక, నీ కాళ్లు పట్టుకుంటా." నిజంగానే గేటు కమ్మీల మధ్య నుంచి చేతులు చాపాడు. సలోమి ఆ మొహం చూసి నోరు మూసుకుంది. కానీ పిల్లకి ఆ సంగతులేం తెలుసు? "ఆంటీ!" అని వీధి అదిరేలా కేక పెట్టింది.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

మాల్యాద్రి పిల్ల నోరు మూయమన్నట్టు సైగ చేశాడు. సలోమి మనవరాలి నోరు మూసేసి, ఎందుకో తెలియకపోయినా, చంకనేసుకుని వీధి చివరికి పరుగెత్తింది. ఆ పరుగు కనుమరుగైందో లేదో లోపల నుంచి అరుపు వినిపించింది.

"ఇందూ! ఏమే, ఈ మోకాలికి దెబ్బెక్కడిదే? ఎప్పుడు పడ్డావు? చీము పట్టింది గదే తల్లీ! చెప్పవేం? ఎవరూ చూడలేదా నిన్ను? ఒక్కరన్నా చూడలేదా?"

తర్వాత ఏడుపు. తల్లిదీ పిల్లదీ కలిసిన ఏడుపు. ఏది ఎవరిదో తెలియని ఏడుపు. మాల్యాద్రి గేటుకి వీపు ఆనించి కిందికి జారిపోయాడు. ఆ తిట్టు ఎన్నాళ్లకి విన్నాడు! నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే అంతుపట్టలేదు. పొద్దు వాలేదాకా లోపలికి పోలేదు. తలుపు మూతబడిందన్న నమ్మకం కుదిరాకే లేచాడు.

హైమ వంటింట్లో ఉంది. ఇందుని చంక దించలేదు. మోకాలికి పసుపు పూసి కట్టు కట్టింది. మాల్యాద్రి అడుగు చప్పుడుకి గిరుక్కున తిరిగింది. పిల్లని రెండో చంకకి మార్చుకుని గోడ వైపుకి జరిగింది. ఆమె కళ్లల్లో భయం, ఆ పాత భయమే, నిండుగా తిరిగొచ్చింది. అది అతని కోసం కాదు. అతన్ని చూసి.

"హైమా," అన్నాడు.

"నాకన్నీ గుర్తున్నాయి." ఆమె పిల్లని ఇంకా దగ్గరికి అదుముకుంది. "మీరెవరో తెలుసు. మన పెళ్లి తెలుసు. పొద్దున మీరేం చేశారో, ఎందుకు చేశారో అదీ తెలుసు. ఎంత వెతికినా..." చేత్తో గుండె మీద తడుముకుంది, జేబులో తాళం చెవి కోసం వెతుకుతున్నట్టు. "ఇక్కడేమీ లేదండీ. ఎదురింటాయన వంటింట్లోకి వచ్చినట్టుంది. క్షమించండి."

అతను మేనమామ కూతురి నోట 'అండీ' అన్న మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఎవరో వెనక నుంచి గట్టిగా తోసినట్టు గుమ్మం పట్టుకున్నాడు.

తల్లి భుజం మీంచి ఇందు అతని వైపు చూస్తోంది. రమ్మన్నట్టు చెయ్యి చాపింది. మాల్యాద్రి వద్దన్నట్టు తల ఊపి, ఒకడుగు వెనక్కి వేశాడు. హైమ భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"అన్నం వండాను," అంది చివరికి, నేల చూస్తూ. "మీరూ పొద్దుట్నుంచీ తిననట్టుంది. తినేసి వెళ్లండి."

ఎక్కడికి వెళ్లాలో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. ఆమె ముందుగదిలో, వీధి తలుపుకి దగ్గరగా, చుట్టాలకి వేసే పీట వేసి, ఆకు పరిచి, దూరం నుంచే వడ్డించింది. మాల్యాద్రి సొంత ఇంట్లో సంచి లేని చుట్టంలా ముడుచుకుని కూర్చున్నాడు. ముద్ద కలిపి తిన్నాడు. ఆమె గుమ్మం అవతల నిలబడి, ఇందు వీపు నిమురుతూ, అతను తింటున్నాడో లేదో చూస్తోంది.

"కూర బాగుందండీ," అన్నాడు మాల్యాద్రి. "ఇంకాస్త వేస్తారా?"